వేలిముద్ర లేని చావులు

బతికున్న మనిషిని చనిపోయిందని రాసి, కింద సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర కొట్టి పంపిన ఘనత నాకుంది. నేనది రాస్తున్నప్పుడు ఆమె నా బల్లకు ఎదురుగానే కూర్చుని టీ తాగుతోంది. టీ తెప్పించింది కూడా నేనే.

ఈమధ్య కుర్రవాళ్ళు ఫోన్లలో వంశవృక్షాలు గీసుకుంటున్నారు. నేను రెవెన్యూలో పనిచేశానని తెలిసి కొందరు ఇంటికే వస్తారు. మా ముత్తాత తండ్రి పేరు ఎక్కడైనా దొరుకుతుందా అని అడుగుతారు. వెతికితే దొరుకుతుంది. దొరికినదాన్ని నమ్మవచ్చా అని మాత్రం ఎవరూ అడగరు. నేను కూడా ముప్పై ఏళ్ళు అడగలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. వీళ్ళలో కొందరికి తమ పేరు మళ్ళీ కాగితం మీదికెక్కడం ఇష్టం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

చిత్తూరు జిల్లాలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యాను. మధ్యలో చాలా ఏళ్ళు రికార్డు రూములో గడిచాయి. నా నోటికి జడిసి అక్కడ పడేశారని సాటి ఉద్యోగులు అనుకునేవాళ్ళు. అది నిజమే అయ్యుండొచ్చు. మనుషులతో పడని నాకు కాగితాలతో బాగానే పడింది. కాగితం మాట మార్చదు, కన్నీళ్ళు పెట్టుకోదు, మంత్రిగారి బావమరిది చేత ఫోన్ చేయించదు. నా నమ్మకమంతా దానిమీదే ఉండేది.

ఈ సంగతి జరిగి పన్నెండేళ్ళు దాటింది. అప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసులో కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల పాత తాలూకా రికార్డులు ఉండేవి. ఒకరోజు ఉదయం అక్కా తమ్ముడూ వచ్చారు. ఇద్దరూ అక్కడి ఒక పల్లెలో పుట్టి, తిరుపతిలో స్థిరపడినవాళ్ళు. తమ్ముడు తిరుమల ఘాట్ రోడ్డులో జీపు నడిపేవాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాక ఆరు నెలలుగా స్టీరింగు ముట్టుకోలేదు. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడు. అక్క పూలు కట్టి అమ్ముతుంది. ఆమె ఒక కిడ్నీ ఇస్తానంది, పరీక్షలన్నీ సరిపోయాయి. అయితే కిడ్నీ సరిపోతే చాలదనీ, ఇద్దరూ ఒక తల్లి పిల్లలేనని సొంత మండలం నుంచి ధ్రువపత్రం కావాలనీ ఆసుపత్రిలో చెప్పారట. పేదవాళ్ళను కొనుక్కొచ్చి అక్కా అన్నా అని చెప్పేవాళ్ళు ఉన్నారు మరి, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది.

ఇంకొకరైతే ఆధార్ చూసి, రేషన్ కార్డు చూసి, సాయంత్రానికల్లా కాగితం చేతిలో పెట్టి పంపేవాళ్ళు. నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆధార్ రేషన్ కార్డు చూసి ఇచ్చారు. రేషన్ కార్డు ఓటరు లిస్టు చూసి ఇచ్చారు. ఓటరు లిస్టు, ఆ మనిషి గడపలో నిలబడి చెప్పింది విని రాశారు. చూడటానికి మూడు కాగితాలు, కాని వాటి వెనక నోరు ఒక్కటే. ఈ మాట నేను కొత్తగా చేరిన పిల్లలకు పాఠంలా చెప్పేదాన్ని. ఆమె బడికి పోలేదు కాబట్టి బడి రికార్డు కూడా లేదు. ఇక మిగిలింది జనన మరణాల రిజిస్టరు.

పూర్వం ఊళ్ళో పుట్టుకలూ చావులూ గ్రామ మునసబు రాసేవాడు. నెలనెలా ఒక ప్రతి తాలూకా ఆఫీసుకు వచ్చేది. ఎప్పుడో ఎవరో అడుగుతారని రాసింది కాదు, జరిగిన నెలలోనే రాసింది. రాసినవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇంతకంటే నమ్మదగింది ఏముంటుందని నా ధీమా. మా రికార్డు అటెండరు చేత ఆ పల్లె కట్టలు దింపించాను. ఇద్దరి పుట్టుకలూ దొరికాయి. తండ్రి ఒక్కరే, తల్లి ఒక్కరే. సంతోషించాను కూడా.

నాకు ఒక అలవాటుంది. పుట్టుక చూశాక చావుల పేజీలు కూడా తిరగేస్తాను. మూడేళ్ళ తరువాతి పేజీలో ఆమె ఉంది. అదే పేరు, అదే తండ్రి, వయసు మూడేళ్ళు, కారణం జ్వరం. ఆ దంపతులకు తరువాత ఆడపిల్ల పుట్టిన దాఖలా ఎక్కడా లేదు.

తమ్ముణ్ణి వరండాలో కూర్చోబెట్టి ఆమెను లోపలికి పిలిచాను. నలభై అయిదేళ్ళుంటాయి. గట్టి మనిషి, పూలదారం కోసి కోసి చూపుడువేలు మీద గీతలు. మీ అమ్మకు ఇంకో ఆడపిల్ల పుట్టిందా అని అడిగాను. లేదంది. తనకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారట. టీ ఇప్పించి, రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. ఏడుస్తుందనో తగాదా వేసుకుంటుందనో అనుకున్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి, తెలిసిన సంగతే ఎవరో మళ్ళీ చెప్పినట్టు తల ఊపింది.

"అయితే ఆ రాయి నాదే మేడమ్" అంది.

ఏ రాయి అన్నాను. వాళ్ళ ఊరి కాలువ గట్టున చిన్న చిన్న సమాధి రాళ్ళు ఉన్నాయట. అందులో మూడోదానికి వాళ్ళమ్మ అమావాస్య నాడు పాలు పోసేదట. ఎవరిదమ్మా అంటే, నీదే అనేదట. అంతకుమించి ఒక్క మాట చెప్పేది కాదట.

"మా యమ్మ నన్ను యాడనుంచో తెచ్చుకునిందేమో అని శానాసార్లు అనుకున్నా మేడమ్. సచ్చిపోయిన బిడ్డ బదులు. అడిగితే నా నోరు మూసేది."

అది వినగానే నాకు తోచిన మాటను దాచుకోను. తేలిపోయింది, అనుకున్నాను. రిజిస్టరు అదే చెబుతోంది, రాయి అదే చెబుతోంది, చివరికి ఆమె మనసు కూడా అదే చెబుతోంది. మూడు సాక్ష్యాలు. మూడు కాగితాలకూ నోరు ఒక్కటే అని ఇందాక గొప్పగా చెప్పానే, ఆ పాఠం ఆ పూట నాకే గుర్తుకు రాలేదు.

మా అటెండరు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు. కట్ట వాసన చూసి అది ఏ ఫిర్కాదో, ఏ పల్లెల గుంపుదో చెప్పగలడు. నేను రిపోర్టు రాస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇది నకలు మేడమ్. అసలు పుస్తకం ఊళ్ళో మునసబు దగ్గర ఉండేది. అసలు సూడకుండా నకలు మింద సంతకం పెట్టబాకండి."

మునసబు పదవులే పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆ పుస్తకాలు ఏ చెదలు తిన్నాయో అని కసిరాను. ఆయన వెళ్ళి కట్టలు సర్దుకున్నాడు. నేను సంతకం పెట్టాను. రిజిస్టరు ప్రకారం సదరు వ్యక్తి మూడేళ్ళ వయసులో మరణించినట్లు ఉన్నందున బంధుత్వం ధ్రువీకరించడానికి వీలు కాదు, అని నా అందమైన చేతిరాతతో రాశాను. బయట తమ్ముడికి చెబితే మొదట నవ్వాడు. మా యక్క కాకపోతే ఇంకెవరు మేడమ్ అన్నాడు. తరువాత నవ్వలేదు.

మూడు వారాల తరువాత ఆమె ఒక్కతే వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు ఫైలు పక్కన పెట్టేశారు. కావాలంటే హైదరాబాదు పంపి రక్తసంబంధం తేల్చే పెద్ద పరీక్ష చేయిస్తామన్నారట, దానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమన్నారట. తమ్ముడి చేతి నరాలు సూదికి అందడం లేదు. ఇలాగే ఉంటే రెండు మూడు నెలలు అని డాక్టరు చెప్పాడు. తమ్ముడికి బడికి వెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు.

నాతో పోట్లాడటానికి వచ్చిందనుకుని ముందే గొంతు పెంచాను. ఆమె నేను ఆగేదాకా ఆగింది.

"నేను సచ్చిపోయింటే నాకు రెండు కిడ్నీలు యాడివి మేడమ్? ఉండాయని వాళ్ళే సూసి సెప్పిరి. ఒకటి వాడికిచ్చేదానికి నేను ఎవురైతే ఏమి?" కాస్త ఆగి మళ్ళీ అంది. "పోనీ, నేను ఎవురో అన్నా కనుక్కోని సెప్పండి. మీరే గదా కనుక్కునేది."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఆమెను చనిపోయిందని చెప్పాను. మరి ఎదురుగా ఉన్నది ఎవరు అన్న ప్రశ్న నాకు రానే లేదు. కాగితంలో లేని మనిషి గురించి నాకు పట్టలేదు. ఆమెను కూర్చోమని చెప్పి, రికార్డు రూముకు వెళ్ళి, అటెండరుతో తప్పయింది భాయ్ అన్నాను. ఆ ఆఫీసులో నేను ఆ మాట అనడం అదే మొదటిసారని తరువాత అందరికీ చెప్పుకున్నాడట.

మూడు రోజులు ఇద్దరం ఆ పల్లె చావుల పేజీలే చదివాం. పెద్దవాళ్ళ చావులు అన్ని ఊళ్ళలాగే ఉన్నాయి. పిల్లల చావులు వేరే ఊళ్ళలో వానాకాలంలో గుంపుగా వస్తాయి. ఈ ఊళ్ళో అలాంటివి కాకుండా ఇంకో రకం కూడా కనిపించాయి. ఒక్కొక్కటిగా, విడివిడిగా, అన్నిటికీ కారణం జ్వరం. అలాంటివి పదకొండు. అటెండరు ఆ తేదీలను ఒక చీటీ మీద వరసగా రాసుకుని, పెన్సిలుతో మధ్య రోజులు లెక్క వేశాడు. ఒక రెంటి మధ్య ఇరవై తొమ్మిది రోజులు. ఇంకో రెంటి మధ్య యాభై తొమ్మిది. ఆ తరువాత ఎనభై తొమ్మిది. ఆయన చేయి ఆగిపోయింది.

"నెలవంక లెక్క మాకు బాగా తెలుసు మేడమ్. ఇవన్నీ వంక కనపడే ముందు రోజులు. పదకొండు మందీ అమావాస్య నాడే పోయినారు." నా వైపు చూశాడు. "జ్వరానికి పంచాంగం తెలుసునా?"

మిట్టమధ్యాహ్నం, బయట ఆవరణలో జనం, జిరాక్సు మిషను చప్పుడు. అయినా లేచి వెళ్ళి ఆ గది తలుపు దగ్గరికి వేశాను. పిల్లల్ని ఎవరైనా ఏమైనా చేశారా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ మునసబు చేతిరాత గుండ్రంగా, తీరుగా ఉంది. ఆ తీరు చూస్తేనే భయం వేసింది. వచ్చే వారం వెళ్దామని నేనంటే, ఆ జబ్బు మనిషికి అన్ని వారాలున్నాయా మేడమ్ అని అటెండరే తొందరపెట్టాడు.

మర్నాడు ముగ్గురం బస్సులో కార్వేటినగరం వెళ్ళి, పాత కోట గోడల పక్క నుంచి ఆటోలో ఆ పల్లె చేరాం. మునసబు పోయి చాలా కాలమయింది. ఆయన భార్య ఉంది, తొంభై దాటిన మనిషి. చూపు దాదాపు లేదు. వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మేమెవరమో చెప్పాం. పూలామెను దగ్గరికి రమ్మని, మొహమంతా చేత్తో తడిమింది.

"ఏ రాయి నీది?" అని అడిగింది.

"కాలవ గట్టున మూడోది అవ్వా."

"ఆ. నీకు జొరమొచ్చినప్పుడు బొడ్డు సుట్టూ మూడు వాతలు పెట్టినారు. కాళ్ళు పట్టుకున్నింది నేనే. ఉండాయా?"

నేను ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్ళి చూశాను. బొడ్డు చుట్టూ మూడు మచ్చలు, పావలా బిళ్ళంత, ముడతలు పడి ఉన్నాయి. ఆమె ఒక్కో మచ్చ మీద వేలు పెట్టి చూసుకుని చీర సర్దుకుంది. చచ్చిన పిల్ల బదులు ఎక్కడి నుంచో వచ్చిన పిల్లకు ఆ మచ్చలు ఉండవు కదా.

అసలు పుస్తకం ఉందా అవ్వా అని అడిగాను. పదవులు పోయినప్పుడు ఆయన లెక్కలూ కట్టలూ అన్నీ అప్పగించాడట, చావుల పుస్తకాలు మాత్రం ఇవ్వలేదట. మంచం కింద ట్రంకు పెట్టె చూపించింది. వేపాకుల మధ్య, గోనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. తాలూకాకు వచ్చిన నకలులో లేని గడి ఒకటి వాటిలో ఉంది. చావు వార్త తెచ్చి చెప్పినవాడి వేలిముద్ర గడి. ప్రతి చావుకూ తండ్రిదో కొడుకుదో తలారిదో ఒక నల్లటి ముద్ర ఉంది. నా చీటీలో ఉన్న పదకొండు తేదీలకు వచ్చేసరికి ఆ గడి ఖాళీ. పూలామె పేరు ఎదురుగా కూడా ఖాళీ.

నేను చూసినదంతా గట్టిగా చెబుతుంటే అవ్వ వింటూ గింజలు తీస్తూనే ఉంది. తరువాత తనంతట తానే చెప్పింది.

"మా పాపకు నాలుగేండ్లు. జొరమొచ్చె. మా యత్త ఈయన్ని అడిగింది, సచ్చిపోయినట్టు రాసెయ్యి నాయనా, పానం కోసరం వచ్చినోడు పుస్తకం సూసుకోని, పని అయిపోయిందనుకోని ఎనక్కి పోతాడు అని. పెద్దోళ్ళు అనుకునే మాట అది. ఈయన ఒప్పుకోలే. సర్కారు పుస్తకంలో అబద్ధం రాయనన్నాడు. నాలుగో దినం రాసినాడు. నిజమే రాసినాడు."

అవ్వ ఇంకో చింతపండు ముద్ద చేతిలోకి తీసుకుంది.

"దాని తర్వాత ఏ తల్లి వచ్చి అడిగినా కాదనలే. అమావాస్య నాడు రాసేది. బిడ్డ బదులు గుమ్మడికాయ పాతిపెట్టి, పైన రాయి పెట్టి, అమావాస్య అమావాస్యకూ పాలు పోసేది. బిడ్డకు మాత్రం ఎందుకో సెప్పకూడదు. ఏలిముద్ర కూడా ఎవురి సేతా ఎయ్యించలే ఈయన. ఏలేస్తే నిజమైపోతాదని."

నేను వెనక్కి పేజీలు తిప్పాను. ఆ పాప ఉంది. నాలుగేళ్ళు, జ్వరం. వార్త చెప్పినవాడి గడిలో, పేజీ పేజీకీ చక్కటి సంతకం పెట్టిన ఆ మనిషి, వేలిముద్ర వేశాడు. ముద్ర పక్కకు జారి అలుక్కుపోయింది. సంతకం వచ్చిన మనిషి వేలు ఎందుకు వేశాడని నేను అడగబోయాను. అటెండరు నా మోచేయి మీద మెల్లగా తట్టాడు, ఊరుకున్నాను.

ఇంతటితో నమ్మేసి వచ్చేస్తే నేను మళ్ళీ పాత తప్పే చేసినట్టు. అవ్వ మాట, ఆ ఇంటి పుస్తకం, రెండూ ఒక ఇంటివే. ఇంకో నోరు కావాలి. సాయంత్రం పాల కేంద్రం దగ్గర ఊరంతా క్యాన్లతో నిలబడి ఉంటే వెళ్ళాను. చీటీ తీసి, నేను ఫలానా ఆఫీసు నుంచి వచ్చాను, పేర్లు చదువుతాను, తెలిసినవాళ్ళు చెప్పండి అన్నాను. చచ్చిపోయినవాళ్ళ జాబితా అని చెప్పలేదు.

మొదటి పేరు చదివాను.

"ఈడుండా" అన్నాడు వరసలో ఒక పెద్దమనిషి, క్యాను కింద పెడుతూ.

రెండో పేరుకు కొలత పాత్ర పట్టుకున్న ఆమె చెయ్యెత్తింది. మూడో పేరుకు మూలనున్న ఒకాయన ఊఁ అన్నాడు. బడిలో హాజరు వేసినట్టు చదువుతూ పోయాను, వాళ్ళు పలుకుతూ పోయారు. నాలుగో పేరు తరువాత జనానికి సంగతి అర్థమయింది. పాలు పొయ్యడం ఆగిపోయింది. ఒకరు పలికినప్పుడు మిగతావాళ్ళు ఆ మనిషి వైపు చూడటం లేదు, కళ్ళు దించుకుంటున్నారు. ఒక పేరుకు, వాడు శ్రీ సిటీలో క్యాంటీన్ పనికి పోయినాడు, రాత్రికొస్తాడు అని భార్య చెప్పింది. ఇంకొకాయన కిందటేడు నిజంగానే పోయాడట. ముప్పై ఏళ్ళు రికార్డులు చూశాను. రికార్డు నోరు తెరిచి ఉన్నానని పలకడం అక్కడే విన్నాను.

ఏడో పేరు చదివినప్పుడు ఎవరూ పలకలేదు. మళ్ళీ చదివాను. నా పక్కన నిలబడ్డ పూలామె ఇంకా దగ్గరికి జరిగింది. చివరికి, "ఉండా మేడమ్" అంది, నాకు మాత్రమే వినబడేట్టు.

మొదటి పేరుకు పలికిన ఆ పెద్దమనిషి దగ్గరికి వచ్చి, నువ్వు ఫలానావాళ్ళ పాపవు గదా, మీ యమ్మ నిన్ను సంకనేసుకోని ఈ కాలవ దాటడం నేను సూసినా అన్నాడు. అది నేను రాసుకున్నాను, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. ఆమె అంతసేపూ బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. నాకూ వచ్చింది. ఇందులో దాచుకునేదేముంది.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు మీదుగా నడిచాం. పన్నెండు రాళ్ళు. పదకొండు తడిగా ఉన్నాయి. పన్నెండోది, మునసబు పాపది, చివర విడిగా ఉంది. దానిమీద ఎండిన పువ్వు ఒకటుంది. ఆ రోజు అమావాస్య అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. అటెండరుకు ముందే తెలుసు, చెబితే నేను రానని చెప్పలేదట. తల్లులందరూ పోయారు కదా, ఇప్పుడు ఎవరు పోస్తున్నారు అని, మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన పాల కేంద్రం పెద్దాయన్ని అడిగాను.

"మేమే పోసుకుంటాం మేడమ్. ఎవురిది వాళ్ళం" అన్నాడు.

పూలామె రాయీ, కిందటేడు పోయినాయన రాయీ కూడా తడిగానే ఉన్నాయి. అంటే ఆమె తిరుపతిలో ఉన్నా, ఆయన లేకపోయినా ఎవరో ఒకరు మానకుండా పోస్తున్నారన్నమాట.

మర్నాడు రెండో రిపోర్టు రాశాను. మొదటిదాన్ని తప్పు అని నేనే కొట్టేశాను. మా తహశీల్దారు చిన్నవాడు, భయస్థుడు. అంతా చదివి, ఈ అమావాస్య సంగతి తీసెయ్యండి మేడమ్, ఆసుపత్రి వాళ్ళు నవ్వుతారు అన్నాడు. తీసేశాను. అసలు పుస్తకంలో వార్త చెప్పినవాళ్ళ ముద్ర లేదు కాబట్టి ఆ నమోదు చెల్లదనీ, అలాంటి మరి కొందరు జీవించి ఉన్నారనీ, ఒంటి గుర్తులు సరిపోయాయనీ, ఊరి పెద్ద వాంగ్మూలం జత చేశాననీ రాశాను. ఆయన సంతకం పెట్టాడు. ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకున్నారు. ఆపరేషన్‌కు రోజు నిర్ణయించారు.

నెల కావస్తుండగా ఆ రోజు ఎప్పుడో చెప్పడానికి ఆమె వచ్చినప్పుడు, నేను చాలా ఉత్సాహంగా ఇంకో అర్జీ కూడా తయారు చేసి పెట్టాను. రిజిస్టరులో ఆమె చావు నమోదును రద్దు చేయమని. సంతకం పెడితే నెలలో పని అయిపోతుందన్నాను. ఆమె ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

"వద్దు మేడమ్. కొట్టేస్తే వచ్చినోడికి మళ్ళా తెలిసిపోతాది. కత్తి కిందికి పోతాండా. నన్ను అట్లనే ఉండనీయండి."

సరేనన్నాను. అయినా ఆమె లేవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మా యమ్మ తమ్ముణ్ణి ఆ పుస్తకంలో రాయించుకోలే మేడమ్. గట్టిగా పుట్టినాడు, వీడికేమి అనుకునింది. వాడొక్కడే బయట ఉండిపోయినాడు. ఇప్పుడు మునసబు లేడు గదా. మీరుండారు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. నువ్వు నన్ను ఏమనుకున్నావు, సర్కారు కాగితం మీద అబద్ధం రాయను అన్నాను. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒక తెల్లకాగితం తీసుకున్నాను. సర్కారుది కాదు, మా ఇంటినుంచి తెచ్చుకున్నది. స్కేలు పెట్టి గడులు గీశాను, చివర వేలిముద్ర గడితో సహా. అటెండరును పిలిచి, అమావాస్య ఎప్పుడు భాయ్ అని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. వేళ్ళ మీద లెక్క చూసి, రేపు మేడమ్ అన్నాడు. రేపటిదాకా ఆగాను. ఆగి రాశాను. తమ్ముడి పేరు, తండ్రి పేరు, వయసు, కారణం జ్వరం.

ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముడు మళ్ళీ జీపు నడపలేదు గాని, తిరుపతిలో బస్సులు ఆగే చోట చిన్న అంగడి పెట్టుకున్నాడు. పెద్దమ్మాయి పెళ్ళి చేశాడు. అక్క ఇప్పటికీ పూలు కడుతోంది. కిందటి వారం అతను ఫోన్ చేసి మనవడు పుట్టాడని చెప్పాడు, గొంతు ఖంగుమని మోగుతోంది. మా అటెండరు మాత్రం పోయాడు. ఆయన మరణ ధ్రువపత్రం నేను దగ్గరుండి సరిచూశాను, అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఉండకపోతే బాగుండుననిపించింది.

నేను ఇలాంటివి నమ్మను. ఆ మనిషిని బతికించింది డాక్టర్లూ, అక్క ఇచ్చిన కిడ్నీ. అయినా ఆ కాగితాన్ని చింపలేదు, బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఇల్లు మారినప్పుడల్లా మొదట దాన్నే వెతుక్కుంటాను. నేను పోయాక మీలో ఎవరి చేతికైనా అది చిక్కవచ్చు. పేరుంటుంది, తేదీ ఉంటుంది, నా చేతిరాత, నా సంతకం, అంతా పద్ధతిగా ఉంటుంది. చివరి గడి చూడకుండా మాత్రం నమ్మకండి.